వ్రేలిముద్ర: జంగీపురము నుండి సెల్‌ఫోను వరకు

మన ప్రాంతములో దస్తావేజులు వ్రాసికొను ప్రతిచోటను రెండు మాటలు వినబడును. ఒకటి చేవ్రాలు, రెండవది వ్రేలిముద్ర. చదువు నేర్చినవాడు చేవ్రాలు చేయును. చదువు రానివాడు బొటనవ్రేలికి సిరా పూసికొని కాగితముపై అద్దును. దీనినే నిశాని అనుటయు కలదు. "వేలిముద్రగాడు" అనుమాట నిరక్షరాస్యునికి ఎగతాళిపేరుగా స్థిరపడిపోయినది. ఐతే నేడు పెద్ద చదువులు చదివినవారు సైతము సెల్‌ఫోనుపై వ్రేలు ఆనించి బ్యాంకులోని తమ సొమ్మును ఇతరులకు పంపుచున్నారు. అక్షరము రానివాని గుర్తు అక్షరాస్యుని సంతకమునకు బదులు ఎట్లు నిలువగలిగినది? దానిని మనము ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నలకు సమాధానము నూట అరువది యేండ్లకు పైబడిన చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రలో ముఖ్యమైన ఘట్టములు మన దేశములోనే జరిగినవి.

జంగీపురపు ఒప్పందము

1858వ సంవత్సరమున బెంగాలులోని జంగీపురమున విలియం జేమ్స్ హెర్షెల్ అను ఆంగ్లేయుడు పరిపాలనోద్యోగిగా నుండెను. 1781లో యురేనస్ గ్రహమును కనుగొన్న ఖగోళ శాస్త్రజ్ఞునికి ఇతడు మనుమడు. బాటలు వేయుటకు కావలసిన సామగ్రిని సరఫరా చేయుటకై రాజ్యధర్ కోనాయ్ అను వ్యాపారితో ఇతడొక ఒప్పందము కుదుర్చుకొనెను. ఒప్పుకొన్నవాడు రేపు "ఈ సంతకము నాది కాదు" అని తప్పించుకొనునేమో యని హెర్షెల్‌కు అనుమానము కలిగెను. అందుచే కచేరి ముద్రకు వాడు సిరాను కోనాయ్ అరచేతికి పూయించి, ఒప్పందపత్రము వెనుకవైపున అద్దించెను. వ్రేళ్లపై గీతలు మనిషిమనిషికి భిన్నముగా నుండునని అప్పటికి నిరూపింపబడలేదు. కోనాయ్ మాట తప్పుటకు జంకవలెననుటయే హెర్షెల్ ఉద్దేశము.

ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి కలదు. వ్రేలిముద్ర అనగానే మనకు దొంగలు, పోలీసులు జ్ఞప్తికి వత్తురు. కాని ఈ కథలో అది తొలుత ఉపయోగపడినది ఒక లావాదేవీకి. చేసిన ఒప్పందమును కాదనకుండుటకు. నేటి ఫోను చేయు పనియు సరిగా ఇదే.

హెర్షెల్ అంతటితో ఊరకుండలేదు. తన వ్రేలిముద్రలను, స్నేహితుల వ్రేలిముద్రలను సేకరించి, ఏండ్లు గడచిన పిదప మరల తీసి సరిపోల్చెను. వయస్సుతోపాటు ముఖము మారినను, వ్రేలిగీతలు మారుటలేదని గ్రహించెను. 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా నున్నప్పుడు పింఛను చెల్లింపులలోను, దస్తావేజుల రిజిస్ట్రేషనులోను, జైలులోను వ్రేలిముద్రలను ప్రవేశపెట్టెను. పింఛనుదారుడు మరణించిన తరువాత వేరొకడు వచ్చి అతని పేరున సొమ్ము తీసికొనుటను అరికట్టుట ఇందలి ఉద్దేశములలో నొకటి. 2014 నవంబరులో మన ప్రభుత్వము ప్రారంభించిన జీవన్ ప్రమాణ్ పథకములో పింఛనుదారులు వ్రేలిముద్రతో తాము జీవించియున్నట్లు రుజువు చేసికొనుచున్నారు. పరికరము క్రొత్తది; సమస్య హుగ్లీ నాటిదే.

వెయ్యిన్ని ఇరువదినాలుగు అరలు

వ్రేలిగీతల రూపములను శరీరశాస్త్రజ్ఞుడైన పుర్కిన్యే 1823లోనే తొమ్మిది తరగతులుగా వర్ణించియుండెను. జపానులో వైద్యుడుగా నుండిన హెన్రీ ఫాల్డ్స్, నేరస్థులను గుర్తించుటకు వ్రేలిముద్రలు ఉపయోగపడునని 1880లో "నేచర్" పత్రికలో వ్రాసెను. ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో ప్రకటించిన గ్రంథములో ఈ విషయమునకు లెక్కల పునాది వేసెను. గీతలు ఒకచోట ఆగిపోవుట, ఒకటి రెండుగా చీలుట మొదలగు సూక్ష్మచిహ్నములను అతడు గమనించెను. రెండు వ్రేలిముద్రలు పూర్తిగా ఏకీభవించుటకు గల అవకాశము 6,400 కోట్లలో ఒకటి మాత్రమేయని అంచనా కట్టెను. నేటి యంత్రములు పోల్చిచూచునదియు ముఖ్యముగా ఈ సూక్ష్మచిహ్నముల స్థానములనే.

ముద్రలు వేలకొలది పోగైనపుడు వానిలో కావలసినదానిని వెదకి తీయుట యెట్లు? ఈ చిక్కును విప్పినది కలకత్తా. బెంగాలు పోలీసు ఇన్స్పెక్టర్ జనరలైన ఎడ్వర్డ్ హెన్రీ క్రింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను ఇరువురు ఈ పనికి పూనుకొనిరి. హక్ గణితము నేర్చినవాడు. వీరి పద్ధతి మన ఉన్నత పాఠశాల విద్యార్థులు సులభముగా గ్రహింపగలిగినంత సరళమైనది.

కుడి బొటనవ్రేలు మొదలుకొని కుడి చిటికెనవ్రేలి వరకు 1 నుండి 5 వరకును, ఎడమ బొటనవ్రేలు మొదలుకొని ఎడమ చిటికెనవ్రేలి వరకు 6 నుండి 10 వరకును సంఖ్యలు వేయుదము. 1, 2 వ్రేళ్లకు 16; 3, 4 వ్రేళ్లకు 8; 5, 6 వ్రేళ్లకు 4; 7, 8 వ్రేళ్లకు 2; 9, 10 వ్రేళ్లకు 1 విలువ. వ్రేలిపై సుడి, అనగా మనవారు చక్రమని చెప్పునది, ఉన్న యెడల ఆ విలువను తీసికొనవలెను, లేనియెడల సున్న. సరిసంఖ్య వ్రేళ్ల విలువలను కూడి ఒకటి చేర్చిన లవము వచ్చును. బేసిసంఖ్య వ్రేళ్ల విలువలను కూడి ఒకటి చేర్చిన హారము వచ్చును. ఒకనికి కుడి చూపుడువ్రేలిపైనను, ఎడమ బొటనవ్రేలిపైనను మాత్రమే చక్రములున్నవనుకొందము. అతని భిన్నము 21/1. లవమునకు 32, హారమునకు 32 విలువలు సాధ్యము గనుక మొత్తము 1,024 అరలు ఏర్పడును. చక్రము ఉన్నది, లేదు అను రెండే సమాధానములు పది వ్రేళ్లకు వేసిన రెండు యొక్క పదవ ఘాతము వచ్చుచున్నది. కంప్యూటరు పుట్టుటకు ఎన్నో యేండ్ల ముందే సున్న, ఒకటి అను అంకెలతో మనిషిని వర్ణించుట ఆ కచేరిలో ఆరంభమైనదనవచ్చును.

1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము నెలకొల్పబడెను. 1901లో ఈ పద్ధతి లండనులోని స్కాట్లండు యార్డుకు చేరెను. లోకమున దీనికి హెన్రీ పద్ధతి యను పేరు స్థిరపడినది. హక్, బోసులకు ఖాన్ బహదూర్, రాయ్ బహదూర్ బిరుదులు దక్కినను, పద్ధతి పేరులో చోటు దక్కలేదు.

రెండు వేర్వేరు ప్రశ్నలు

పోలీసులు అడుగు ప్రశ్న "ఈ ముద్ర ఎవరిది?" అనునది. దానికై ఒక ముద్రను లక్షలాది ముద్రలతో పోల్చవలెను. హెర్షెల్ అడిగినది వేరు: "ఇతడు తాను చెప్పుకొనుచున్న మనిషియేనా?" దీనికి ఒక ముద్రను ఒకే ముద్రతో పోల్చిన చాలును. ఈ రెండవ ప్రశ్నకు యంత్రముచేత సమాధానము చెప్పింపవచ్చునని మిచెల్ ట్రావురింగ్ అను అమెరికను పరిశోధకుడు 1963లో "నేచర్" పత్రికలో సూచించెను.

ఈ భేదమును లెక్కతో చూతము. ఒక యంత్రము అన్యుని వ్రేలిని పొరపాటున అంగీకరించు అవకాశము 50,000లో ఒకటి అనుకొందము. ఒక ఫోనుకు ఇది చాలును. కాని అదే యంత్రముతో కోటిమందిలో ఒకనిని వెదకినచో, సుమారు 200 మంది తప్పుగా సరిపోవుదురు. అందుచేతనే 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామమున మొదటి సంఖ్యతో ప్రారంభమైన ఆధార్ నమోదులో పది వ్రేళ్ల ముద్రలను, రెండు కనుపాపల చిత్రములను గూడ తీసికొనుట జరిగినది.

వేరొక పొరపాటు సరియైన మనిషిని కాదనుట. సున్నము, సిమెంటు పనులు చేయు కూలీలకు, వృద్ధులకు వ్రేలిగీతలు అరిగిపోవును. యంత్రమును కఠినముగా అమర్చిన దొంగ దూరడు, కాని ముసలమ్మకు రేషను బియ్యము అందకపోవచ్చును. సడలించిన ముసలమ్మకు బియ్యము అందును, కాని దొంగకును సందు దొరకును. ఈ రెంటి నడుమ గీత ఎక్కడ గీయవలెనన్నది కేవలము యంత్రశాస్త్ర విషయము కాదు, న్యాయవిషయము కూడ.

ఫోనులో జరుగునదేమి?

ఆపిల్ సంస్థ 2013 సెప్టెంబరులో విడుదల చేసిన ఐఫోన్ 5ఎస్‌తో వ్రేలిముద్ర సామాన్యుల ఫోనులలో వ్యాప్తికి వచ్చెను. అంతకుముందును కొన్ని ఫోనులలో ఇది లేకపోలేదు. పైలెక్కలో చెప్పిన 50,000లో ఒకటి అను అంకె ఆ సంస్థ తన పరికరమునకు ప్రకటించినదే. ఆ పరికరమందలి గ్రాహకము అతిచిన్న కెపాసిటర్ల వరుస. వ్రేలిపై గట్టువలె లేచిన గీత గ్రాహకమునకు దగ్గరగాను, రెండు గీతల నడుమనున్న పల్లము దూరముగాను ఉండును. దూరము మారిన కెపాసిటీ మారునని భౌతికశాస్త్ర పాఠములో చదివెదము గదా. ఆ భేదములనుండియే వ్రేలిచిత్రము తయారగును.

ఐతే ఈ చిత్రము బ్యాంకుకు పోవునని చాలమంది అనుకొందురు. మంచి పద్ధతిలో నిర్మించిన ఫోనులలో అట్లు జరుగదు. ముద్రనుండి తీసిన గుర్తులు ఫోనులోనే ప్రత్యేకమైన భద్రస్థానమున ఉండును. సరిపోల్చుటయు అచ్చటనే జరుగును. మరి బ్యాంకుకు నమ్మకమెట్లు? ఇందుకు డిఫీ, హెల్మన్ అను ఇరువురు 1976లో ప్రతిపాదించిన జంట తాళపుచెవుల సిద్ధాంతము ఆధారము. ఫోను ఒకదానితోనొకటి ముడిపడిన రెండు సంఖ్యలను తయారుచేయును. ఒకటి రహస్యముగా ఫోనులోనే ఉండును. రెండవది బ్యాంకుకు ఇయ్యబడును. చెల్లింపు సమయమున బ్యాంకు ప్రతిసారియు ఒక క్రొత్త సంఖ్యను పంపును. వ్రేలు సరిపోయినచో ఫోను రహస్య సంఖ్యతో దానిపై గణితపు సంతకము చేసి పంపును. దారిలో ఎవడైన దానిని దొంగిలించినను మరల వాడుకొనజాలడు.

అనగా ఇచ్చట వ్రేలు సంతకము చేయుటలేదు. సంతకము చేయు తాళపుచెవిని పెట్టెలోనుండి విడుదల చేయుచున్నది. చేవ్రాలు, వ్రేలిముద్ర రెండును ఈ పద్ధతిలో ఒకచోట కలిసినవి.

యు.పి.ఐ. చెల్లింపులలో పిన్ సంఖ్యకు బదులు ఫోనులోని వ్రేలిముద్రనో ముఖమునో వాడుకొను సదుపాయమును నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 అక్టోబరులో ప్రవేశపెట్టెను. ఆరంభమున ఒక్కొక్క చెల్లింపునకు 5,000 రూపాయల పరిమితి విధింపబడెను.

మార్చరాని తాళము

వ్రేలిముద్ర బలము దాని స్థిరత్వములో ఉన్నది. బలహీనతయు అందులోనే ఉన్నది. రహస్య సంఖ్య బయటపడిన మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము. పైగా మనము త్రాగిన గ్లాసుపై, తెరచిన తలుపుపై ముద్రను విడిచివచ్చుచునే యున్నాము. 2002లో జపానులో మత్సుమోటో అను శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు జెలటిన్‌తో కృత్రిమపు వ్రేళ్లు చేసి, 11 పరికరములను పరీక్షించి మోసగింపగలిగిరి. 2013లో ఐఫోన్ 5ఎస్ వచ్చిన కొలది దినములకే జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్ సభ్యులు గాజుపై పడిన ముద్రను ఫోటో తీసి, నకలు చేసి దానిని తెరచిరి. 2015లో అమెరికా ప్రభుత్వోద్యోగుల రికార్డుల కార్యాలయమునుండి 56 లక్షలమంది వ్రేలిముద్రలు అపహరింపబడినట్లు తేలెను.

మన చెంతనే జరిగిన సంగతి ఇంకను గమనింపదగినది. 2018లో తెలంగాణలో సిమ్‌కార్డుల వ్యాపారి యొకడు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజులనుండి వ్రేలిముద్రలు సేకరించి, రబ్బరు నకళ్లు చేసి, ఇతరుల పేర్లతో వేలకొలది సిమ్ములు తెరిపించెనని పోలీసులు వెల్లడించిరి. హెర్షెల్ మోసమును అరికట్టుటకై దస్తావేజుపై పెట్టించిన ముద్రయే మోసమునకు ముడిసరకైనది!

ఇందుండి భేదము తెలియును. ఆధార్ ఆధారిత చెల్లింపులో ఖాతాదారుని ఫోనుతో పనిలేదు. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వ్రేలిముద్ర చాలును. అందుచే నకిలీ వ్రేలు అందు ఎక్కువ ప్రమాదకరము. ఫోను విషయములో దొంగకు నకిలీ వ్రేలితోపాటు మన ఫోను కూడ చేతికి చిక్కవలెను. కావున ఫోను పోయిన వెంటనే బ్యాంకుకు తెలుపవలెను. వాడుకొననప్పుడు వ్రేలిముద్రలకు తాళము వేసికొను సదుపాయము ఆధార్ సంస్థ కల్పించినది, దానిని ఉపయోగించుకొనవలెను. ఇంటిలోని వారందరి వ్రేళ్లను ఒకే ఫోనులో చేర్చుట మంచిది కాదు.

వ్రేలిముద్ర మన పేరువంటిది, రహస్యమువంటిది కాదు. పేరు అందరికిని తెలిసినను మనకు నష్టము లేదు, దానితో మాత్రమే మన పెట్టె తెరచుకొనకున్నంతవరకు. ఈ వివేకమును పాటించి నిర్మించిన పద్ధతి మనలను కాపాడును, పాటింపనిది కాపాడదు.

ఉపాధ్యాయులు తరగతిలో విద్యార్థులచే సిరా దిండుతో పది వ్రేళ్ల ముద్రలను వేయించి, హక్, బోసుల లెక్క ప్రకారము ఎవరి భిన్నమును వారిచే కట్టింపవచ్చును. ఎవరు ఏ అరలోనికి వత్తురో చూచుట వారికి మిక్కిలి వినోదముగా నుండును. పరీక్ష ముగిసిన పిమ్మట ఆ కాగితములన్నిటిని వారి కన్నులయెదుటనే చింపి కాల్చివేయించుటయు పాఠములో నొక భాగమే.