స్పార్క్ ప్లగ్గూ ఒక రేడియో స్టేషనే

మా నాన్నకి ఒక చేతక్ ఉండేది, ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. జనగామ దగ్గర ఊళ్లో టీచరు. పొద్దున బడికి వెళ్లేటప్పుడు ట్రాన్సిస్టర్ పట్టీని హ్యాండిల్‌కి తగిలించుకునేవాడు. వెనక కూర్చున్న నాకు వినపడేది మాత్రం పాట కాదు, వార్తలు కాదు, ఒకటే చిటపట. యాక్సిలరేటర్ తిప్పితే చిటపట పెరిగేది, వదిలితే తగ్గేది. ప్రాంతీయ వార్తల్లో టీచర్ల డీఏ మాట ఏదైనా వస్తే నాన్న బండిని వేపచెట్టు కింద ఆపి, ఇంజన్ కట్టేసి, పూర్తిగా విని, మళ్లీ కిక్కు కొట్టేవాడు.

ఆ చిటపట ఎక్కణ్ణుంచి వచ్చేదో చాలా ఏళ్ల తర్వాత, నా బండికి నేనే మ్యూజిక్ సిస్టమ్ పెట్టుకుంటున్నప్పుడు తెలిసింది. మార్కోనీ కాలపు రేడియో ట్రాన్స్‌మిటర్లు పనిచేసింది నిప్పురవ్వతోనే. రెండు లోహపు కొనల మధ్య రవ్వ ఎగిరితే తరంగాలు పుట్టేవి. 1901లో అట్లాంటిక్ దాటాయని మార్కోనీ ప్రకటించిన సంకేతాలూ అలా పుట్టినవే. బండి స్పార్క్ ప్లగ్గులో జరిగేది కూడా అదే పని. అంటే నాన్న చేతక్ రోడ్డు మీద పోతూ పోతూ తనదైన ప్రసారం చేస్తుండేది. పక్కనే వేలాడుతున్న ట్రాన్సిస్టర్‌కి, దూరాన ఉన్న హైదరాబాద్ కేంద్రం కన్నా, ఈ స్టేషనే గట్టిగా వినపడేది. నాన్న వేపచెట్టు కింద ఆగడం అంటే ఒక స్టేషన్ మూసేసి ఇంకోటి వినడం అన్నమాట.

ఇది మా ఇంటి గొడవ ఒక్కటే కాదు. 1930లో షికాగోలో గాల్విన్ అన్నదమ్ములు కారులో రేడియో బిగించాలనుకున్నప్పుడు ఎదురైన పెద్ద తలనొప్పుల్లో ఇదొకటి. ఇంజన్ రొదని రేడియోలోకి రాకుండా ఆపాలి. ఏదోలా ఆపి, ఆ కారును అట్లాంటిక్ సిటీలో రేడియో వ్యాపారుల సమావేశం దాకా నడుపుకుంటూ వెళ్లి చూపించారు. ఆ రేడియోకి పెట్టిన పేరే మోటరోలా. తర్వాత కంపెనీ పేరూ అదే అయింది. అంటే నా తరం వాళ్లకి సెల్‌ఫోన్‌గా తెలిసిన ఆ మాటలో మొదట ఉన్నది మోటారు బండే.

ఆ చిటపటకి అసలైన మందు కనిపెట్టినవాడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన గురించి చదువుతున్నప్పుడు ఒక చోట ఆగిపోయాను. కుర్రాడిగా కొలంబియా యూనివర్సిటీకి రోజూ యాంకర్స్ నుంచి వెళ్లింది ఎర్ర ఇండియన్ మోటార్‌సైకిల్ మీద! 1933 చివర్లో ఆయనకి ఎఫ్‌ఎం పేటెంట్లు వచ్చాయి. తరంగం ఎత్తును కాక పౌనఃపున్యాన్ని మార్చి పాటను పంపడం అందులో కిటుకు. రవ్వలు, పిడుగులు ఎక్కువగా చెడగొట్టేది ఎత్తునే కాబట్టి ఎఫ్‌ఎంలో ఆ రొద దాదాపు మాయమైపోతుంది. కానీ కంపెనీలతో పేటెంట్ వ్యాజ్యాల్లో ఆయన నలిగిపోయి 1954లో ప్రాణం తీసుకున్నాడు. భార్య మారియన్ కేసులు వదల్లేదు. ఒక్కొక్కటీ గెలుస్తూ వచ్చి, 1967లో చివరిది గెలిచింది. ఎవరి మీదో తెలుసా? మోటరోలా మీదే.

ఇక మన ఊరి సంగతి. హైదరాబాద్‌లో దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్లతో మొదలైంది. ఇవాళ ఒక పెళ్లి బారాత్ డీజే బండికి కూడా ఆ వాట్లు చాలవు. 1950 ఏప్రిల్ 1న దాన్ని భారత ప్రభుత్వం తీసుకుంది. అప్పటి రేడియో అంటే ఇంట్లో ఒక చెక్కపెట్టె. దాని దగ్గరికి మనిషి వెళ్లాలి. 1954లో అమెరికాలో మొదటి జేబు ట్రాన్సిస్టర్ అమ్మకానికి వచ్చాక ఇది తిరగబడి, మనిషి ఎటు పోతే పెట్టె అటు పోవడం మొదలైంది. 1963లో క్యాసెట్, 1979లో వాక్‌మన్ వచ్చాయి. ఎఫ్‌ఎం 1977లోనే మద్రాసుకి వచ్చినా, హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్‌ఎం మోగడానికి 2006 దాకా ఆగాల్సొచ్చింది. ఈ మధ్య కాలమంతా మన రోడ్ల మీద సంగీతాన్ని మోసింది ఆటోలే. సీటు వెనక, సరిగ్గా మన చెవుల దగ్గర రెండు స్పీకర్లు. ఏ పాట రావాలో డ్రైవరన్న ఇష్టం. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మాటామంతీ లేకుండానే ఆ అన్న ఎటువైపో పాట చెప్పేసేది.

1998 ఈ కథలో ఒక మలుపు. ఆ మే నెలలో ఎరిక్సన్, ఐబీఎం, ఇంటెల్, నోకియా, తోషిబా కలిసి బ్లూటూత్ సంఘం పెట్టుకున్నాయి. ఆ నవంబర్‌లో మాదాపూర్ బండరాళ్ల మధ్య సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఒకదానితో ఒకటికి ఏ సంబంధమూ లేదు. కానీ పాతికేళ్ల తర్వాత ఆ టవర్స్ ముందు సిగ్నల్ పడితే, ఆగిన బళ్ల మీద ఎంతమంది చెవుల్లో ఆ పదో శతాబ్దపు డేనిష్ రాజు పేరు పెట్టుకున్న తరంగాలు మోగుతుంటాయో చూడండి. విడిపోయినవాళ్లని కలిపాడని ఆ రాజు పేరు పెట్టారట. సిగ్నల్ దగ్గర మాత్రం పక్క పక్కనే ఉన్న వందమంది వంద పాటల్లో ఉంటారు.

నేనూ అందులో ఒకణ్ణి. మియాపూర్ నుంచి రాయదుర్గం, రోజూ. మొదట బండికే స్పీకర్లు పెట్టాను. కోఠి గుజరాతీ గల్లీలో చిన్న యాంప్లిఫయర్, రెండు నీళ్లు తగిలినా పాడవని స్పీకర్లు కొన్నాను. బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి వైరు లాగాం. స్విచ్ ఆన్ చేయగానే పాట వెనక సన్నగా కీచుమని ఒక అరుపు. యాక్సిలరేటర్ తిప్పితే అదీ పైకి లేస్తుంది. నాన్న చేతక్ గుర్తొచ్చింది. ఇది స్పార్క్ ప్లగ్గుది కాదు, బ్యాటరీని ఛార్జి చేసే కరెంటు ఎర్త్ వైరు గుండా పాటలోకి దూరడం. ఎర్త్ నేరుగా బ్యాటరీకే కలిపితే తగ్గింది. కానీ నలభై దాటితే గాలిలో పాట కొట్టుకుపోయేది, సిగ్నల్‌లో ఆగితే అందరూ నన్నే చూసేవాళ్లు.

దాంతో హెల్మెట్‌లోకి మారాను. చెవుల దగ్గర రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దవి రెండు స్పీకర్లు. వాటి కోసం లోపలి థర్మకోల్ కోయకూడదు, తల కాపాడేది అదే. స్పీకర్ సరిగ్గా చెవి రంధ్రానికి ఎదురుగా కూర్చోవాలి, వేలెడు పక్కకి జరిగినా పాటలో బేస్ పోతుంది. బేస్ పోతే వాల్యూమ్ పెంచుతాం. చిక్కంతా అక్కడే. వేగంగా పోతే హెల్మెట్ లోపలి గాలి మోతే తొంభై డెసిబెల్స్ దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఎనభై డెసిబెల్స్ అయితే వారానికి నలభై గంటలు వినొచ్చు, తొంభై అయితే నాలుగు గంటలే. పాట ఆ గాలి మోతని కూడా మించాలి మరి.

ఇవన్నీ తెలిసీ పెంచాను. ఒక సోమవారం, కొండాపూర్ దాటి కొత్తగూడ జంక్షన్ దగ్గర సైబర్ టవర్స్ వైపు ఎడమకు ఒరిగాను. ఒరిగినవాణ్ణి లేవలేదు. బండి, నేను, లంచ్ బాక్స్ తలో దిక్కు. వెనకాలే బండాపి పరిగెత్తుకొచ్చిన డెలివరీ కుర్రాడు నన్ను లేపుతూ అన్న మాట: "గప్పట్నించి ఒర్రుతున్న గదన్నా, స్టాండ్ స్టాండ్ అని! ఇనపడ్తలేదా?"

సైడ్ స్టాండ్ తీయలేదు. నా బండి పాతది, స్టాండ్ వేసి ఉన్నా ఇంజన్ ఆగదు. మోకాలు చెక్కుకుపోయింది, మణికట్టు బెణికింది. వెనక బస్సు లేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

చట్టం ఈ విషయంలో కొంతే చెబుతుంది. 2020 అక్టోబర్ నుంచి వచ్చిన మోటారు వాహనాల నియమాల ప్రకారం, బండి నడుపుతూ ఫోన్‌ని ఏకాగ్రత చెడకుండా దారి చూసుకోవడానికే వాడాలి. కానీ ఏ నియమంలోనూ రాయని కాపలా ఒకటి మన రోడ్ల మీద ఉంది. "అన్నా, స్టాండ్!", "అక్కా, చున్నీ!", "సార్, లైటు!" ఇలా ముక్కూ మొహం తెలియనివాళ్లు వేసే కేకలు. ఆ కేక వేసినందుకు వాళ్లకేమీ రాదు, మనం థాంక్స్ చెప్పేలోపే వెళ్లిపోతారు. రోజంతా ఎవరితోనూ మాట్లాడని ఈ కారిడార్‌లో మనిషి మనిషిని పలకరించే పద్ధతి బహుశా అదొక్కటే మిగిలింది. నేను నాలుగు వేలు పోసి దాన్ని బయట పెట్టి తలుపేసుకున్నాను.

నిప్పురవ్వ రొదని ఆపడానికి ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితమంతా పెట్టాడు. మనం ఇప్పుడు రోడ్డు మొత్తాన్నీ రొద కిందే జమకట్టేసి ఆపేస్తున్నాం. ఏది రొదో, ఏది కబురో తేల్చాల్సింది మాత్రం ఏ యంత్రమూ కాదు.

కుడి స్పీకర్ పీకేశాను. ఎడమది ఉంది, దారి చెప్పడానికి మాత్రం. పాట వినాలనిపిస్తే బొటానికల్ గార్డెన్ గోడ పక్కన బండాపి, ఇంజన్ కట్టేసి వింటాను. మొన్న ఫోన్‌లో నాన్నకి చెబితే, "చెట్టు కిందేనా?" అని అడిగాడు.