ఏటియొడ్డు విడిది

మన చరిత్రకారులు రాజుల కోటలను గూర్చియు, దండయాత్రలను గూర్చియు విస్తారముగా వ్రాసిరి. దారిని బోవు సామాన్యుడు రాత్రి ఎచ్చట పండెను, ఏ నీరు త్రాగెను అను సంగతి వ్రాసినవారు మిక్కిలి తక్కువ. 1830-31 సంవత్సరములలో చెన్నపట్టణము నుండి కాశికి బోయివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి బసను, వసతులను గుర్తించి వ్రాయుటచేతనే ఆయన యాత్రాచరిత్ర నేటికిని విలువ గలదై యున్నది. సత్రము లేనిచోట బాటసారికి ఏటియొడ్డే సత్రము. అట్టి విడిదికి మన ఓరుగల్లు ప్రాంతమున మేడారము జాతరకంటె గొప్ప నిదర్శనము లేదు.

మేడారము 2016 వరకు ఓరుగల్లు జిల్లాలోనిది. 2019 నుండి ములుగు జిల్లాలో నున్నది. రెండేండ్లకొక మారు మాఘ పూర్ణిమ దరిదాపున నాలుగు దినములు జాతర జరుగును. సారలమ్మ కన్నెపల్లి నుండియు, సమ్మక్క చిలకలగుట్ట నుండియు గద్దెలకు వత్తురు. నాల్గవనాడు వనమునకు మరలుదురు. పూజారులు కోయలే. కరవుకాలమున పన్ను చెల్లింపలేని కోయలపైకి ప్రతాపరుద్రుని సేన రాగా, సమ్మక్క కుమారుడు జంపన్న పోరాడి సంపెంగవాగులో ప్రాణము విడిచెననియు, నాటి నుండి అది జంపన్నవాగైనదనియు జనశ్రుతి.

పూర్వము జనులు ఎడ్లబండ్లు కట్టుకొని అడవిదారిని వచ్చెడివారు. ముల్లకట్టవద్ద వంతెన లేని కాలమున ఆవలియొడ్డువారు గోదావరిని పడవలపై దాటవలసి యుండెను. వాగు చేరి, కాడి దించి, ఎడ్లను చెట్టుకు గట్టినచో ఇల్లు సిద్ధమైనట్లే. బండి క్రిందనే పడక, మూడు రాళ్ళే పొయ్యి, అడవిపుల్లలే వంటచెరకు. త్రాగుటకు ఇసుకలో చెలమ త్రవ్వి, ఊరిన తేటనీరు ముంతతో తోడుకొనుట మన పల్లెవారి పాత విద్య.

ఇట్టి విడిది అనాగరికమని తలచువారు అమెరికా వంక చూడవలెను. అచ్చట పొటోమాక్ నది వెంబడి 184.5 మైళ్ళ కాలువ యొకటి కలదు. 1924లో దానిపై పడవల వర్తకము నిలిచిపోయెను. ఆ దారిని మోటారు బాటగా మార్చు ఆలోచన రాగా, 1954లో న్యాయమూర్తి విలియం డగ్లస్ కాలువ పొడవునను నడచి దాని రక్షణకు పాటుపడెను. 1971లో అది జాతీయ చారిత్రకోద్యానమైనది. నేడు సైకిళ్ళపై పోవువారును, నడచువారును ఆ యొడ్డున గుడారము వేసికొని రాత్రి గడపుదురు. వారికి అచ్చట అమర్చినవి స్వల్పములు: చదునైన నేల, చేతిపంపు, పొయ్యి, మరుగుదొడ్డి. మన బండివిడిదిలో నేల, నీరు, నిప్పు ఉండెను. నాలుగవదే లేదు.

ఈ లోపము చిన్నది కాదు. కలరా నీటివలన వ్యాపించునని జాన్ స్నో అను వైద్యుడు 1854లో లండనులోని యొక వీధిపంపును బట్టి చూపెను. 1867లో హరిద్వార కుంభమేళా నుండి మరలిన యాత్రికులతో ఆ వ్యాధి ఊరూర వ్యాపించెను. చెలమనీరు తేటయే గాని, చుట్టునున్న ఇసుకను మలినము చేసినచో అదియు విషమే. కావున పూర్వపు విడిదిని మితిమీరి పొగడరాదు. ఇప్పుడు జాతరకు ప్రభుత్వము వాగొడ్డున స్నానపు కుళాయిలను, మరుగుదొడ్లను ఏర్పరచుచున్నది. ఇది మేలే.

కాని కీడు మరియొక రూపమున వచ్చినది. బండిమీద వచ్చినవాడు విడిచిపోయినది ఆకువిస్తరియు, పగిలిన కుండయు, బూడిదయు. మోటారులపై పోవు మనము విడిచివచ్చునవి ప్లాస్టికు సంచులు, సీసాలు. ఆకు నేలలో కలియును; సంచి వానకాలపు వరదలో వాగున బడి గోదావరికి పోవును.

జాతర నాలుగు దినములే. ఆ పిమ్మట మరల జాతర వచ్చువరకు ఆ యేటి ఒడ్డున బ్రతుకవలసినవారు మేడారపు కోయలు; ఆ నీట మూతి పెట్టవలసినవి వారి పశువులు. జంపన్న పేరు చెప్పి మునిగి, అతడు ఎవరికొరకు ప్రాణమిచ్చెనో వారి యేటినే పాడుచేసి వచ్చుట ఏమి భక్తి? విడిది విడుచునపుడు నిప్పు చల్లార్చి, మనము కొనిపోయిన సంచిని మనమే ఇంటికి మరల తెత్తుము గాక. మా బడిపిల్లలకు జంపన్న కథతో పాటు మేము ఈ మాటయు చెప్పుచున్నాము.