దారి పక్కన ఎలుగు

1959లో ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ అనే కవల సోదరులు అమెరికాలోని యెల్లోస్టోన్‌లో గ్రిజ్లీ ఎలుగుబంట్ల వెంట పడ్డారు. 1961లో ఒక ఆడ ఎలుగు మెడకి రేడియో కాలర్ కట్టారు. అప్పటిదాకా కళ్ళబడితేనే లెక్క. ఆ తర్వాత కనబడని ఎలుగు జాడ కూడా తెలియసాగింది. అక్కడ చాలా ఎలుగులు పార్కు చెత్తకుప్పల మీద బతికేవి. వాటిని నెమ్మదిగా మూయమని ఈ అన్నదమ్ములు మొత్తుకున్నారు. పార్కువాళ్ళు వినలేదు, గబగబా మూసేశారు. తిండి వెతుక్కుంటూ మనుషుల మధ్యకొచ్చిన ఎలుగులు ఎన్నో చచ్చాయి. 1975లో అమెరికా గ్రిజ్లీని ముప్పున్న జంతువుల జాబితాలో చేర్చింది.

కెనడాలోని అల్బర్టా కథ ఇంకా చిక్కుది. కలప కోసం, చమురు కోసం అడవిలో రోడ్లేశారు. చెట్లు కొట్టేసిన చోట ఎండ పడి, దారి పక్కన క్లోవర్ మొలిచింది. అది తినడానికి ఎలుగు వస్తుంది. అదే దారిన తుపాకీ కూడా వస్తుంది. ముళ్ళతీగకి చిక్కిన వెంట్రుకల్లోని డీఎన్ఏ 'ఇక్కడ ఎలుగు ఉంది' అని చెబుతుంది. మ్యాపు మీద చుక్కలు ఎక్కువున్నాయని సంబరపడితే మోసపోతాం. ఎక్కడ తిరుగుతున్నాయన్న లెక్క పక్కనే ఎక్కడ చస్తున్నాయన్న లెక్కా ఉండాలి. ఆడ ఎలుగు సుమారు మూడేళ్ళకోసారి గానీ ఈనదు. ఒక తల్లి పోతే ఆ లోటు తొందరగా తీరదు.

2010లో అల్బర్టా కూడా గ్రిజ్లీకి ముప్పుందని ఒప్పుకుంది. ఎలుగుని చంపేది రోడ్డు కాదు, రోడ్డెక్కి వచ్చే మనం. అందుకే కొన్నిచోట్ల రోడ్డుకి అడ్డంగా పెట్టిన ఒక మామూలు గేటు, దానికి వేసిన తాళం, ఎన్ని కాలర్లూ చేయలేని పని చేస్తాయి.