బిల్లు నుంచి స్థాయీ సంఘానికి: సూరత్ తెలుగు నేత కార్మికులు, కార్మిక కోడ్‌లు

సూరత్: దేశంలోని 29 కార్మిక చట్టాల స్థానంలో రూపొందిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వీటిలో మూడింటికి సంబంధించిన తొలి బిల్లులను 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టి, కార్మిక వ్యవహారాల స్థాయీ సంఘం పరిశీలనకు పంపారు. బిల్లు ప్రవేశానికీ చట్టం రూపొందడానికీ మధ్య సాగిన ఈ ప్రక్రియలో ‘అంతర్రాష్ట్ర వలస కార్మికుడు’ అనే మాటకు చట్టపరమైన అర్థం మారింది. సూరత్‌లోని మరమగ్గాలపై పనిచేస్తున్న తెలుగు నేత కార్మికులకు ఈ మార్పు నేరుగా సంబంధించినది.

సూరత్‌లో తెలుగువారు

కృత్రిమ నూలు వస్త్రాలకు దేశంలోనే ప్రధాన కేంద్రమైన సూరత్‌కు ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్ర తదితర రాష్ట్రాల నుంచి కార్మికులు వస్తారు. తెలంగాణలోని నల్గొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు కూడా దశాబ్దాలుగా ఇక్కడికి వలస వస్తున్నాయి. నగరంలోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగువారి నివాసాలు ఎక్కువగా కనిపిస్తాయి. నగరపాలక సంస్థ ఆధ్వర్యంలోని ప్రాథమిక విద్యా వ్యవస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలను నడుపుతోంది.

ఈ వలస తెలంగాణ రాజకీయాల్లోనూ చర్చనీయాంశమైంది. వరంగల్ సమీపంలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. సూరత్, భివండీ వంటి పట్టణాలకు తరలివెళ్లిన నేత కార్మికులను తిరిగి సొంత ప్రాంతానికి రప్పించడం దాని ఉద్దేశాల్లో ఒకటని నాటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

సిరిసిల్ల ప్రాంతంలో ‘సాంచెలు’గా పిలిచే మరమగ్గాలపై పని చాలావరకు పీసు రేటు మీద సాగుతుంది. ఒక్కో కార్మికుడు ఏకకాలంలో అనేక మగ్గాలను చూసుకుంటాడు. పన్నెండు గంటల షిఫ్టులు సూరత్‌లో సాధారణం. పనికి చేరే తీరు కూడా గమనించదగినది. ఊరివారో, బంధువులో ముందుగా వచ్చి స్థిరపడితే, వారి వెంట మిగిలినవారు వస్తారు. ఒక షెడ్డులో పని తగ్గితే మరో షెడ్డుకు మారతారు. ఇలా ఎవరికి వారుగా వచ్చినవారిని పాత చట్టం వలస కార్మికులుగా గుర్తించలేదు.

1979 చట్టం పరిధి

ఒడిశా నుంచి కూలీలను గుంపులుగా ఇతర రాష్ట్రాలకు తరలించే ‘దాదన్’ పద్ధతిలోని దోపిడీని అరికట్టే ఉద్దేశంతో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టాన్ని 1979లో తీసుకొచ్చారు. కాంట్రాక్టర్ ద్వారా ఒక రాష్ట్రంలో నియమితుడై మరో రాష్ట్రంలోని సంస్థలో పనిచేసే వ్యక్తినే ఆ చట్టం వలస కార్మికుడిగా నిర్వచించింది. అటువంటి కార్మికులు ఐదుగురు, అంతకు మించి ఉన్న సంస్థలకు అది వర్తించేది. స్థానచలన భత్యం, ప్రయాణ భత్యం, నివాస వసతి, వైద్య సదుపాయం వంటి బాధ్యతలను కాంట్రాక్టర్‌పై ఉంచింది. కాంట్రాక్టర్ ప్రమేయం లేకుండా రైలెక్కి వచ్చిన నేత కార్మికుడికి ఈ రక్షణలేవీ దక్కలేదు.

బిల్లు సంఘానికి ఎలా వెళుతుంది?

పార్లమెంటులో బిల్లు ప్రవేశపెట్టడాన్ని ప్రథమ పఠనంగా వ్యవహరిస్తారు. ఆ దశలో బిల్లుపై సవివర చర్చ ఉండదు. ప్రవేశపెట్టిన తరువాత బిల్లు రాజపత్రంలో ప్రచురితమవుతుంది. అనంతరం లోక్‌సభ స్పీకర్ లేదా రాజ్యసభ ఛైర్మన్ దానిని సంబంధిత శాఖ స్థాయీ సంఘానికి నివేదించవచ్చు. ఇది తప్పనిసరి నిబంధన కాదు. సభ తీర్మానం ద్వారా ఒకే సభ సభ్యులతో కూడిన సెలెక్ట్ కమిటీకి గానీ, ఉభయ సభల సభ్యులతో కూడిన సంయుక్త సంఘానికి గానీ బిల్లును పంపే వీలు కూడా ఉంది.

శాఖల వారీ స్థాయీ సంఘాల వ్యవస్థ 1993లో 17 సంఘాలతో పూర్తి స్థాయిలో మొదలైంది. 2004లో వాటి సంఖ్య 24కు పెరిగింది. ఒక్కో సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, మొత్తం 31 మంది సభ్యులు ఉంటారు. మంత్రులకు సభ్యత్వం ఉండదు. సంఘం బిల్లును ప్రతి క్లాజు వారీగా పరిశీలిస్తుంది. శాఖాధికారులను, కార్మిక సంఘాలను, యజమానుల సంఘాలను, నిపుణులను పిలిచి వారి వాదనలు వింటుంది. ప్రజల నుంచి లిఖితపూర్వక సూచనలను ఆహ్వానించవచ్చు. సమావేశాలు బహిరంగంగా జరగవు. ఏకీభవించని సభ్యులు తమ అసమ్మతి పత్రాలను నివేదికకు జతపరచవచ్చు. సంఘం సిఫార్సులు సలహా స్వభావం కలిగినవే. వాటిని ఆమోదించాలా వద్దా అన్నది ప్రభుత్వ నిర్ణయం.

బిల్లులను సంఘాలకు పంపే ఆనవాయితీ ఇటీవలి కాలంలో తగ్గింది. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ గణాంకాల ప్రకారం 15వ లోక్‌సభ కాలంలో 71 శాతం బిల్లులు సంఘాల పరిశీలనకు వెళ్లగా, 17వ లోక్‌సభ కాలంలో ఈ వాటా 16 శాతానికి పడిపోయింది. కార్మిక కోడ్‌ల బిల్లులు ఈ 16 శాతంలోనివే.

నాలుగు బిల్లుల ప్రయాణం

కార్మిక చట్టాలను కొన్ని వర్గాలుగా క్రోడీకరించాలని రవీంద్ర వర్మ అధ్యక్షతన ఏర్పాటైన రెండో జాతీయ కార్మిక కమిషన్ 2002లో సిఫార్సు చేసింది. ఆ దిశగా మొదటిదైన వేతనాల కోడ్ బిల్లును 2017 ఆగస్టు 10న లోక్‌సభలో ప్రవేశపెట్టారు. అదే నెలలో స్థాయీ సంఘానికి పంపగా, సంఘం 2018 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. 16వ లోక్‌సభ రద్దు కావడంతో ఆ బిల్లు మురిగిపోయింది. సంఘం చేసిన 24 సిఫార్సుల్లో 17 సిఫార్సులను చేర్చి, 2019 జులై 23న కొత్త బిల్లును ప్రవేశపెట్టినట్లు ప్రభుత్వం తెలిపింది. ఉభయ సభల ఆమోదం పొందిన ఆ బిల్లుకు ఆగస్టు 8న రాష్ట్రపతి ఆమోదముద్ర లభించింది.

వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ బిల్లు కూడా 2019 జులై 23నే సభ ముందుకు వచ్చింది. అక్టోబరులో దానిని స్థాయీ సంఘానికి పంపారు. పారిశ్రామిక సంబంధాల కోడ్ బిల్లును నవంబరు 28న, సామాజిక భద్రత కోడ్ బిల్లును డిసెంబరు 11న ప్రవేశపెట్టారు. ఈ రెండింటినీ డిసెంబరు 23న సంఘానికి నివేదించారు. అప్పటి సంఘం అధ్యక్షుడు భర్తృహరి మహతాబ్ ఒడిశాలోని కటక్ నుంచి ఎన్నికైన సభ్యుడు. సూరత్ మరమగ్గాలపై పనిచేసేవారిలో ఒడిశా కార్మికుల సంఖ్య చాలా ఎక్కువ.

భద్రత కోడ్‌పై నివేదిక 2020 ఫిబ్రవరి 11న వెలువడింది. మిగిలిన రెండు బిల్లుల పరిశీలన సాగుతుండగానే మార్చి 25 నుంచి దేశవ్యాప్త లాక్‌డౌన్ అమల్లోకి వచ్చింది.

లాక్‌డౌన్‌లో సూరత్

2020 ఏప్రిల్ 10 రాత్రి సూరత్‌లోని లస్కాణా ప్రాంతంలో వలస కార్మికులు పెద్ద సంఖ్యలో రోడ్లపైకి వచ్చారు. బకాయి వేతనాలు చెల్లించాలని, స్వస్థలాలకు పంపాలని కోరారు. ఆందోళన హింసాత్మకంగా మారి వాహనాలు దగ్ధమయ్యాయి. వారిలో అధికులు ఒడిశా కార్మికులు. మగ్గాలు ఆగిపోవడంతో పీసు రేటుపై బతికే కార్మికులందరికీ, తెలుగువారితో సహా, ఆదాయ మార్గం మూసుకుపోయింది.

పారిశ్రామిక సంబంధాల కోడ్‌పై సంఘం నివేదికను ఏప్రిల్ 23న స్పీకర్‌కు సమర్పించారు. భూకంపం, వరద, తుపాను వంటి ప్రకృతి వైపరీత్యాల వల్ల సంస్థలు మూతపడినప్పుడు, అవి తిరిగి తెరుచుకునే వరకు వేతనాలు చెల్లించాలని యజమానులను కోరడం సమంజసం కాకపోవచ్చని సంఘం అభిప్రాయపడింది. జులై 31న వెలువడిన సామాజిక భద్రత కోడ్ నివేదిక కార్మికులకు అనుకూలమైన కొన్ని ముఖ్య సూచనలు చేసింది. గ్రాట్యుటీ అర్హతకు అవసరమైన సర్వీసును ఐదేళ్ల నుంచి ఏడాదికి తగ్గించాలని, అంతర్రాష్ట్ర వలస కార్మికులకు ప్రత్యేక సంక్షేమ నిధి ఏర్పాటు చేయాలని సిఫార్సు చేసింది. కార్మికులను పంపే రాష్ట్రాలు, వారు పనిచేసే రాష్ట్రాలు, కాంట్రాక్టర్లు, ప్రధాన యజమానులు, నమోదైన కార్మికులు ఆ నిధికి దామాషా ప్రకారం నిధులు సమకూర్చాలని సూచించింది.

నిర్వచనంలో వచ్చిన మార్పు

2020 సెప్టెంబరు 19న ప్రభుత్వం పాత మూడు బిల్లులను ఉపసంహరించుకొని, వాటి స్థానంలో కొత్త బిల్లులను ప్రవేశపెట్టింది. స్థాయీ సంఘం చేసిన 233 సిఫార్సుల్లో 174 సిఫార్సులను ఆమోదించినట్లు నాటి కార్మిక శాఖ మంత్రి సంతోష్ గంగ్వార్ తెలిపారు.

2019 నాటి భద్రత కోడ్ బిల్లు యజమాని లేదా కాంట్రాక్టర్ నియమించిన వ్యక్తినే అంతర్రాష్ట్ర వలస కార్మికుడిగా పేర్కొంది. 2020 బిల్లు అందుకు అదనంగా, తనంత తానుగా మరో రాష్ట్రానికి వెళ్లి అక్కడ ఉపాధి పొందిన వ్యక్తినీ, ఆ తరువాత అదే రాష్ట్రంలో సంస్థ మారిన వ్యక్తినీ నిర్వచనంలో చేర్చింది. బంధువుల వెంట వచ్చి, షెడ్డు నుంచి షెడ్డుకు మారే సూరత్ నేత కార్మికుడికి చట్టంలో చోటు దొరికింది ఈ వాక్యం వల్లనే. సొంత రాష్ట్రంలో గానీ, పనిచేసే రాష్ట్రంలో గానీ ప్రజాపంపిణీ సరుకులు పొందే వెసులుబాటు, స్వస్థలానికి వెళ్లి వచ్చేందుకు ప్రయాణ భత్యం, ఉచిత సహాయ ఫోన్ సౌకర్యం, స్వీయ ప్రకటనతో నమోదుకు వీలుండే సమాచార నిధి కోడ్‌లోని ఇతర అంశాలు.

అయితే అదే బిల్లు కొన్ని రక్షణలను కుదించింది కూడా. వలస కార్మికులకు సంబంధించిన నిబంధనలు వర్తించాలంటే సంస్థలో అటువంటివారు కనీసం 10 మంది ఉండాలి. 1979 చట్టంలో ఈ సంఖ్య ఐదు. నెలసరి వేతనం 18,000 రూపాయలకు, లేదా కేంద్రం ప్రకటించే అంతకు మించిన మొత్తానికి, లోబడి ఉండాలి. పీసు రేటు కార్మికుడి ఆదాయం నెలనెలా మారుతుంది గనుక ఈ పరిమితిని లెక్కించే తీరు కీలకమవుతుంది. నియామక సమయంలో నెల వేతనంలో సగానికి సమానమైన స్థానచలన భత్యం చెల్లించాలన్న 2019 బిల్లు నిబంధన 2020 బిల్లులో లేదు. విద్యుత్ వినియోగించే కర్మాగారాన్ని నిర్వచించేందుకు అవసరమైన కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది. సంఘం సూచించిన ప్రత్యేక సంక్షేమ నిధికి సామాజిక భద్రత కోడ్‌లో చోటు దక్కలేదు.

ఈ మార్పులతో వచ్చిన కొత్త బిల్లులను మళ్లీ స్థాయీ సంఘానికి పంపలేదు. సెప్టెంబరు 22న లోక్‌సభ, 23న రాజ్యసభ వాటిని ఆమోదించాయి. ఎనిమిది మంది సభ్యుల సస్పెన్షన్‌కు నిరసనగా ప్రతిపక్షాలు సభను బహిష్కరించిన సమయంలో రాజ్యసభ ఆమోదం లభించింది. సెప్టెంబరు 28న రాష్ట్రపతి ఆమోదముద్ర వేశారు. లాక్‌డౌన్ కాలంలో మరణించిన వలస కార్మికుల సమాచారం తమ వద్ద లేదని కార్మిక శాఖ పార్లమెంటుకు తెలిపింది కూడా ఆ సమావేశాల్లోనే.

అమలు ఎవరి చేతుల్లో?

కార్మిక సంబంధిత అంశాలు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ప్రైవేటు మరమగ్గాల సంస్థల విషయంలో నియమాల రూపకల్పన, తనిఖీలు ప్రధానంగా గుజరాత్ ప్రభుత్వ పరిధిలోకి వస్తాయి. వలస కార్మికుల వివరాల నమోదులో స్వరాష్ట్రమైన తెలంగాణకూ పాత్ర ఉంది. ‘ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు’ పథకాన్ని 2021 జులై 31లోగా అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు ఆ ఏడాది జూన్ 29న ఆదేశించింది. అసంఘటిత కార్మికుల నమోదు కోసం ఈ-శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టు 26న ప్రారంభమైంది.

కొత్త నిర్వచనం వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారికే వర్తిస్తుంది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల తరువాతి తరాలవారు సాధారణ కార్మికులకు వర్తించే నిబంధనలపైనే ఆధారపడాలి. కొత్తగా వచ్చే నేత కార్మికుడికి మాత్రం చట్టపరమైన గుర్తింపు లభించింది. అయితే తొమ్మిది మంది వలస కార్మికులున్న షెడ్డులో పనిచేస్తే, వలస కార్మికుల ప్రత్యేక నిబంధనలు అతడికి వర్తించవు.