క్రాన్ చదవని ఫైలు

2006లో నేనో ఘనకార్యం చేశాను. అప్పట్లో ఒక ఫ్రీబీఎస్‌డీ మెయిల్ సర్వరు నా చేతిలో ఉండేది. వారం వారం కూర్చుని పోర్ట్స్ అప్‌గ్రేడ్ చెయ్యాలంటే బద్ధకం. పోర్ట్‌అప్‌గ్రేడ్ కమాండుని క్రాన్‌లో పడేసి, రాత్రి మూడింటికి దాని పని అదే చేసుకుంటుందిలే అని హాయిగా పడుకున్నా.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఓ రాత్రి పెర్ల్ 5.8.7 నుంచి 5.8.8కి మారింది. మాడ్యూళ్ళేమో పాత వెర్షన్ నంబరున్న డైరెక్టరీలోనే ఉండిపోయాయి. పొద్దున్నే చూస్తే స్పామ్‌అసాసిన్ లేవలేదు, ఆఫీసు మొత్తానికి వయాగ్రా ప్రకటనలు! పెర్ల్ మార్చాక ఫలానా స్క్రిప్టు నడపండి బాబూ అని పోర్ట్స్‌లో 'అప్‌డేటింగ్' అనే ఫైల్లో రాసే ఉంది. నేను చదవలేదు. క్రాన్ ఎలాగూ చదవదు.

పోర్ట్స్‌ని జోర్డాన్ హబ్బర్డ్ మొదలుపెట్టింది 1994లో. సోర్సు తెచ్చి కంపైల్ చేసే మేక్‌ఫైళ్ళ కట్ట అది. నేను దెబ్బ తిన్న రోజుల్లో అందరికీ కలిపి ఒకటే కట్ట, అదీ రోజూ మారేది. భద్రతా లోపానికి మందూ, కొత్త ఫీచర్లూ, పెర్ల్ కొత్త వెర్షనూ అన్నీ ఒకే బస్సులో దిగేవి. డెబియన్ స్టేబుల్‌లో మాత్రం వీలైనంతవరకూ వెర్షన్ మార్చకుండా, లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ని పాత వెర్షన్‌కే అతికిస్తారు. అందుకే వాళ్ళ 'అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్'ని రాత్రిపూట నమ్మి పడుకోవచ్చు. మనం ఆటోమేషన్ అని మురిసిపోయేది ఎవరో కూర్చుని చేసిన ఆ చాకిరీ మీదే నడుస్తోంది.

ఫ్రీబీఎస్‌డీ బేస్ సిస్టమ్ కథ వేరు. ఒక చిల్లు పూడ్చాలంటే సోర్సు తెచ్చుకుని గంటలకొద్దీ బిల్డ్ చెయ్యాల్సొచ్చేది. 2003లో కాలిన్ పెర్సివల్ ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ రాశాడు. పాత బైనరీకీ కొత్తదానికీ మధ్య తేడాని మాత్రమే పంపడానికి తనే రాసిన బీఎస్‌డిఫ్‌ని వాడాడు. 2007 జనవరిలో 6.2తో అది బేస్‌లోకి వచ్చేసింది. దాన్లో క్రాన్ అనే సబ్‌కమాండు నాకు భలే ఇష్టం. ముందు 1 నుంచి 3600 సెకన్లలో ఎంతో కొంతసేపు నిద్రపోతుంది. మనందరం సరిగ్గా మూడింటికే పెడతాం కదా, మిషన్లన్నీ ఒకేసారి సర్వరు మీద పడకుండానన్నమాట. లేచాక అప్‌డేట్లు దించి, రూట్‌కి మెయిలు కొట్టి ఆగిపోతుంది. ఇన్‌స్టాల్ చెయ్యదు! ఇదేంటి, సగం పని చేసి వదిలేశాడు అనుకున్నా మొదట్లో. పెర్ల్ దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి తొందరగానే అర్థమైంది.

2014లో పోర్ట్స్‌కి మూడు నెలలకోసారి విడిచే శాఖలు వచ్చాయి, 10.0తో కొత్త పీకేజీ టూలూ వచ్చింది. పరిస్థితి చాలా నయం. అయినా నా క్రాన్‌లో ఉన్నది ఏమేం మారబోతున్నాయో జాబితా తీసి మెయిలు చేసే లైను మాత్రమే. పొద్దున కాఫీ తాగుతూ చూస్తా. అందులో పెర్ల్ పేరు కనబడితే ముందు 'అప్‌డేటింగ్' తెరుస్తా.