పడవ కట్టేసే హక్కు

మా కోనసీమలో కొండ అన్నది లేదు. ఏటిగట్టుకి రాయి కట్టాలన్నా, రోడ్డుకి కంకర పొయ్యాలన్నా బయటి నుంచి లారీల మీద రావలసిందే. గౌతమికీ వశిష్ఠకీ నడుమ గోదారి తెచ్చి పోసిన ఒండ్రు మీద పుట్టినవాళ్లం. ఇరవయ్యేళ్లు వచ్చేదాకా నేనెక్కిన ఎత్తల్లా కొబ్బరిచెట్టు మొవ్వు వరకే. అలాంటివాణ్ణి, ఇరవై చలికాలాల పైనుంచి హిమాలయాల్లో మంచు మీద జనాన్ని నడిపిస్తున్నాను. ‘కోనసీమ మనిషి మీరు, మీకు మంచు సంగతి ఏం తెలుసండీ?’ అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ప్రాణం అప్పజెప్పేవాడి గురించి అడక్కపోతే ఎలా? దానికి జవాబు మా నాన్న దగ్గర మొదలవుతుంది.

రాజోలు అవతల, వైనతేయ పాయ మీద ఒక లంక రేవులో మా నాన్న సరంగు. పడవ ఆయనది కాదు, రేవు పాట పాడుకున్న ఆసామిది. పడవ ఆడితేనే నాన్నకి కూలి. జూలైలో ఎర్రనీరు దిగాక ఆయన తెల్లారకుండానే రేవులో కూర్చునేవాడు. నీటి రంగు చూసేవాడు, నురగ చూసేవాడు. ఎండుపుల్లలు కొట్టుకొస్తే ఫరవాలేదు. వేళ్లతో సహా పచ్చని చెట్టు వచ్చిందంటే పైన ఎక్కడో ఒడ్డు కోసేస్తోందని లెక్క. నిన్న గెడకి తగిలిన నేల ఇవాళ అక్కడే ఉందా, మేట జరిగిందా అని నాలుగు చోట్ల దింపి చూసేవాడు. ఇవన్నీ అయ్యాక ఒక్కోరోజు ఏమీ మాట్లాడకుండా తాడు తీసుకెళ్లి రావిచెట్టుకి రెండు చుట్లు చుట్టేవాడు. ‘పడవ కట్టేశాం’ అంటే ఇక ఆ రోజుకి అంతే. పెళ్లివారు బతిమాలినా, ఆసామి కేకలేసినా ఆ ముడి విప్పేది నాన్నే.

1986 ఆగస్టులో నాకు తొమ్మిదేళ్లు. భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకి చేరి, ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా 35 లక్షల క్యూసెక్కులు దూకిన వరద అది. ఆ ఉద్ధృతి మా దాకా రాకముందే నాన్న పడవ కట్టేశాడు. అవతలి ఒడ్డున మా మేనత్త చంటిపిల్లతో నిలబడి ఉంది. నాన్న ఆవిడని చూస్తూనే ఉన్నాడు. ఆవిడ కోసం కూడా తాడు విప్పలేదు. మర్నాడు మరపడవ వచ్చి వాళ్లని ఏటిగట్టు మీదికి చేర్చింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ నాన్నతో మాట్లాడలేదు. నాకు వృత్తి అనే మాటకి అర్థం అక్కడే తెలిసింది.

2001లో డార్జిలింగ్ వెళ్లి హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇరవై ఎనిమిది రోజుల బేసిక్ కోర్సు చేశాను. రాథోంగ్ హిమానీనదం మీద మొదటిసారి తాడు కట్టుకున్న రోజు, ముందు నడుస్తున్న షెర్పా శిక్షకుడు ఐస్ యాక్స్ పిడిని మంచులోకి దింపుతూ, ఆగుతూ, మళ్లీ దింపుతూ వెళ్తున్నాడు. మంచు కప్పేసిన పగుళ్లు ఎక్కడున్నాయో వెతుకుతున్నాడు. నాకు నాన్న గెడ కనిపించింది. భయం ఆ క్షణంలోనే సగం పోయింది. ఇది నీరే. గడ్డకట్టిన గోదారి.

ఆ మాట అక్షరాలా నిజమయ్యే చోటు లడఖ్‌లో ఉంది. రోడ్డు రాకముందు జంస్కార్ లోయకి చలికాలం దారులన్నీ మూసుకుపోయేవి. కనుమల మీద మంచు పేరుకుంటుంది. జనవరి, ఫిబ్రవరుల్లో జంస్కార్ నది గడ్డకడితే అదే దారి అయ్యేది. దాన్ని చాదర్ అంటారు, అంటే దుప్పటి. తరతరాలుగా జంస్కార్ వాళ్లు వెన్న మూటలు వీపున వేసుకుని ఈ నది మీద నడిచి లేహ్‌కి వెళ్లి అమ్ముకునేవారు, సరుకులు కొనుక్కుని మళ్లీ అదే మంచు మీద ఇంటికి చేరేవారు. చదువుకునే పిల్లల్ని కూడా ఇదే దారిన బడికి దింపేవారు. రాత్రుళ్లు నది పక్క గుహల్లో పుల్లలు రాజేసుకుని పడుకునేవారు. వాళ్లకది సాహసం కాదు, మనకి రేవు దాటడం లాంటిది.

అక్కడి పెద్దవాళ్లతో నడిచినప్పుడు నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చేతికర్రతో మంచుని కొడతారు. గట్టిగా టక్కుమంటే అడుగెయ్యొచ్చు. కుండ మీద కొట్టినట్టు బోలుగా మోగితే అడుగున నీరు దిగిపోయి పైపొర గాలిలో నిలబడి ఉందన్నమాట. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి చలి ముదిరి చాదర్ గట్టిపడుతుంది. మబ్బు కమ్మితే మనకి హాయిగా ఉంటుంది కానీ మంచు విరుగుతుంది. ఒక్కోచోట దిగువన మంచుగడ్డలు అడ్డుపడి నీరు ఎగదన్ని చాదర్ మీద మోకాలి లోతున పారుతుంది. అప్పుడు ఆగాలి. ఒక పూట కావచ్చు, రెండు రోజులు కావచ్చు. పొద్దున్న వచ్చిన దారి సాయంత్రానికి ఉండదు. మా లంకల్లో పోటూ పాటూ చూసుకుని కదిలేవాళ్లకి ఇది కొత్త కాదు. 2015 చలికాలంలో ఎగువన ఫుక్తల్ వైపు కొండచరియ విరిగి అక్కడి నదికి అడ్డుపడినప్పుడు అధికారులు చాదర్ యాత్రలు ఆపేశారు. ఆ అడ్డుకట్ట మే నెలలో తెగి దిగువకి వరద వచ్చింది. ఆ తర్వాత నిమ్ము నుంచి పదుమ్ మీదుగా దార్చా దాకా 298 కిలోమీటర్ల రోడ్డు 2024లో కలిసింది. జంస్కార్ వాళ్లకి అది రావలసిన రోడ్డే. మా గోదారి మీద వంతెనలు వచ్చినప్పుడు సరంగుల చేతిలో ఉన్న విద్య ఎలా పోయిందో కళ్లారా చూసినవాణ్ణి గనుక, కర్ర చప్పుడు వినగలిగే ఆ చెవులు పోకముందే ఎవరైనా రాసిపెట్టాలని నాకుంది.

మంచులో దారి చూపడం ఒక వృత్తిగా కట్టుబాట్లు పెట్టుకున్నది ఫ్రాన్స్‌లోని షామొనీ ఊళ్లో. దానికి ముందు మూడు చావులున్నాయి. 1820 ఆగస్టులో హామెల్ అనే రష్యా పండితుడి బృందం మోంట్ బ్లాంక్ ఎక్కుతుంటే వాతావరణం చెడింది. గైడ్లు వెనక్కి పోదామన్నారు. యాత్ర ముందుకే సాగింది. కొత్తగా పడిన మంచు వాలు మీద జారి, ముగ్గురు గైడ్లని పగులులో పూడ్చేసింది. యాత్రికులు బతికారు. నలభై ఒక్క ఏళ్లకి, 1861లో, హిమానీనదం దిగువన ఆ ముగ్గురి అవశేషాలు బయటపడ్డాయి. ప్రమాదం జరిగిన మరుసటి ఏడు, 1821లో, షామొనీ గైడ్లు సంఘం కట్టుకుని వంతులూ రుసుములూ నియమాలూ రాసుకున్నారు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది.

మన వైపు దారి చూపేవాడి మాట చెల్లడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1922 జూన్ 7న, ఎవరెస్ట్ ఉత్తరపు వాలు మీద బ్రిటిష్ ఆరోహకుడు మాలరీ బృందం తాజా మంచులో ఎక్కుతుంటే అది కోసుకుపోయింది. ఏడుగురు షెర్పాలు చనిపోయారు. బ్రిటిష్ వాళ్లలో ఒక్కరూ పోలేదు. అప్పటికి షెర్పా అంటే మూట మోసేవాడు, అంతే. డార్జిలింగ్‌లో పని కోసం వరసలో నిలబడేవాడు. 1928లో పుట్టిన హిమాలయన్ క్లబ్ తర్వాత కాలంలో ఎత్తుల్లో పనిచేసినవాళ్లకి ‘టైగర్’ పతకాలివ్వడం మొదలుపెట్టింది. ఆ వరసల్లో నిలబడి 1935లో మొదటి కూలి సంపాదించిన టెన్జింగ్ నార్గే 1953 మే 29న ఎవరెస్ట్ శిఖరాన నిలబడ్డాడు. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లో గ్లాటార్డ్ అనే గైడు దగ్గర తోటి షెర్పాలతో శిక్షణ పొంది వచ్చి, నవంబర్ 4న నెహ్రూ ప్రారంభించిన డార్జిలింగ్ సంస్థలో శిక్షకుడయ్యాడు. నేను తాడు కట్టుకున్నది ఆ సంస్థలోనే. మూట మోసిన చెయ్యి పాఠం చెప్పే చెయ్యి కావడానికి ముప్ఫై రెండేళ్లు పట్టిందన్నమాట.

తెలుగువాళ్ల మంచు చరిత్ర కూడా మరణంతోనే మొదలుపెట్టి చెప్పాలి. 1985 అక్టోబర్‌లో ఎవరెస్ట్ మీదికి వెళ్లిన సైనిక బృందం అయిదుగుర్ని పోగొట్టుకుంది. వాళ్లలో లెఫ్టినెంట్ ఎం. ఉదయ భాస్కరరావు ఒకరు. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాడు. అదే బడిలో తర్వాత చదువుకున్న నెల్లూరు జిల్లా కుర్రవాడు మల్లి మస్తాన్ బాబుకి ఆయనే స్ఫూర్తి. మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాల్నీ 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్‌లో, సెర్రో ట్రెస్ క్రూసెస్ మీదికి ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఆయన దేహాన్ని ఏప్రిల్‌లో సొంత ఊరు గాంధీజనసంఘానికి తెచ్చారు. నాకాయన మీద గౌరవం చెప్పలేనంత. అయినా ఆ వార్త చదివిన రాత్రి నాకొచ్చిన ఆలోచన ఒక్కటే: పక్కన ‘ఇవాళ వద్దు బాబూ’ అనే మనిషి ఒక్కడుంటే ఎలా ఉండేదో.

2014లో అలాంటి మనుషుల నడుమే ఇద్దరు పిల్లలు ఎవరెస్ట్ ఎక్కారు. పదమూడేళ్ల పదకొండు నెలల మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్, సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లడఖ్ చలి దాకా వాళ్లని తయారుచేసింది 2007లో తానే ఎవరెస్ట్ ఎక్కిన శేఖర్ బాబు బాచినేపల్లి. మే 25న, తెలంగాణ రాష్ట్రం రావడానికి ఎనిమిది రోజుల ముందు, టిబెట్ వైపు నుంచి షెర్పాల తోడుతో శిఖరం చేరారు. అప్పటికి అయిదు వారాల కిందటే, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు మంచుపాతంలో హిమపాతం పడి పదహారుమంది నేపాలీ కొండ కార్మికులు చనిపోయారు. రెండు వార్తలూ మన పత్రికల్లో వచ్చాయి. పూర్ణ పేరు ప్రతి తెలుగింటికీ తెలిసింది, తెలియాలి కూడా. ఆ పదహారు పేర్లలో ఒక్కటీ మనకి గుర్తులేదు.

మా వృత్తిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. చరిత్రకెక్కినవి చాలావరకు చెల్లని మాటలు, జరిగిపోయిన చావులు. చెల్లిన మాట కథ కాదు, ఆ రోజు ఏమీ జరగదు గనక. ఎప్పుడూ మాట వినకపోవడమే కారణమని నేననను. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా దండా శిఖరం మీద ఉత్తరకాశీ శిక్షణ బృందాన్ని హిమపాతం తీసుకుపోయినప్పుడు ఇరవై ఏడుగురి దేహాలు దొరికాయి, ఇద్దరు అప్పటికి దొరకలేదు. ఆ మేలోనే ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కిన శిక్షకురాలు సవితా కన్స్వాల్ కూడా చనిపోయినవాళ్లలో ఉంది. అంత తెలిసినవాళ్లకీ మంచు దొరకదు. అందుకే సందేహం వచ్చిన రోజు ఆగాలంటాను.

నా సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట జనవరిలో కేదార్‌కాంఠా. సాంక్రీ ఊళ్లోంచి ఎక్కితే పన్నెండున్నర వేల అడుగుల శిఖరం, మన హైదరాబాద్ పిల్లలు చలికాలం మంచు చూడ్డానికి ఎక్కువగా వెళ్లేది అక్కడికే. పద్నాలుగు మంది తెలుగువాళ్లు. రెండు రోజులు మంచు పడి, మూడో రాత్రి గాలి లేచింది. తెల్లవారుజామున చివరి వాలు కింద నేనూ, ఆ కొండల్లోనే పుట్టిన నా తోటి గైడూ గుంట తవ్వి చూశాం. పైన గాలి కొట్టి పలకలా బిగిసిన మంచు. అడుగున పంచదార పలుకుల్లా రాలిపోయే పొర. పైన ఎండిన ఒండ్రు పెళ్ల, కింద ఊబి ఉన్న మేట మా గోదారిలో ఇలాగే ఉంటుంది. నాలుగడుగులు పక్కకి వేస్తే మంచు లోపల ‘బుఫ్’మని కూలిన చప్పుడైంది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. వెనక్కి తిప్పేశాం.

యాత్రికుల్లో ముగ్గురు ఏడ్చారు. ఒకతను, సెలవు పెట్టుకుని ఇంత డబ్బు పోసి వచ్చామండీ అన్నాడు. ఆ వాలు ఆ రోజు జారలేదు. జారి ఉంటే నా మాటకి విలువ వచ్చేది. జారలేదు గనక పిరికివాణ్ణయ్యాను. యాత్ర నడిపిన సంస్థ, దాని పేరు అనవసరం, ఆ రోజు కూలి మా ఇద్దరికీ కోసేసింది. మరుసటి చలికాలం నుంచి నన్ను పిలవలేదు. నా తోటి గైడు అక్కడివాడు, ఇల్లు గడవాలి, మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాడు. తర్వాత ఒకసారి కలిసినప్పుడు, ఇప్పుడు ‘వద్దు’ అనే ముందు రెండుసార్లు ఆలోచిస్తున్నానన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఆ రెండో ఆలోచన మంచు గురించి కాదు, కూలి గురించి.

86 వరద తగ్గాక మా రేవు ఆసామి, నాన్న మీద అన్నిసార్లు కేకలేసిన ఆ మనిషే, ఇంటికొచ్చి కూర్చున్నాడు. పడవ మిగిలిందన్నాడు. ఆ ఏడాది నుంచి పడవ కట్టేసిన రోజుక్కూడా పూర్తి కూలి లెక్కగట్టి ఇచ్చాడు, ఆ రేవు పాట ఆయన చేతిలో ఉన్నంత కాలం.

ఈ చలికాలం మంచు చూడాలని బయల్దేరే తెలుగువాళ్లకి నా మనవి అదే. డబ్బు కట్టేముందు నడిపేవాళ్లని అడగండి: వెనక్కి తిప్పేసిన రోజు గైడుకీ, మూట మోసేవాడికీ పూర్తి కూలి ఇస్తారా అని. ఇవ్వమంటే ఆ బృందంతో వెళ్లకండి.