పేర్లలో నిలిచిన విభక్తులు

వాక్యంలో ఒక నామవాచకానికి మిగతా మాటలతో ఉన్న సంబంధాన్ని విభక్తి చెబుతుంది. వాడుకలో అరిగిపోయిన విభక్తి రూపాలు మనుషుల పేర్లలో చాలాకాలం నిలుస్తాయి. దిగువ కృష్ణా డెల్టాలో అలాంటి రూపాలు రెండు వేర్వేరు భాషా కుటుంబాలవి కనిపిస్తాయి.

మొదటిది ద్రావిడం. దివిసీమలోని ఊరు కోడూరు, ఇంటిపేరు కోడూరి. అలాగే గూడూరు, గూడూరి, పామర్రు, పామర్తి. ఇల్లు ఇంటి అయినట్టు, చేయి చేతి అయినట్టు ఊరు ఊరి అవుతుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఈ ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలన్నాడు. ఆ రూపమే షష్ఠి. ‘యొక్క’ చేర్చి షష్ఠిని నేర్పే పాఠ్యపుస్తకాలు భాషలోని ఈ అసలు షష్ఠిని పిల్లలకు కనపడనీయవు. ఈ రోజుల్లో బస్సు కోడూరు బస్సే, కోడూరి బస్సు కాదు. ఊరిపేరు మీద పాత రూపం ప్రధానంగా ఇంటిపేరులోనే మిగిలింది. తమిళంలోనూ మరం అనే మాట విభక్తి ముందు మరత్తు అవుతుంది. తెలుగు కు, తమిళ క్కు, కన్నడ గె ఒకే చతుర్థి ప్రత్యయం నుంచి వచ్చాయి. ఈ భాషలది ఒకే కుటుంబమని ఎల్లిస్ 1816లో, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో చూపాడు. కాల్డ్వెల్ 1856లో దాన్ని విస్తరించాడు. మూలద్రావిడ రూపాలను భద్రిరాజు కృష్ణమూర్తి 2003 నాటి తన గ్రంథంలో సమగ్రంగా చర్చించాడు.

రెండోది సెమిటిక్. అరబ్బీ, హీబ్రూ, అరమాయిక్, అక్కాడియన్, గీజ్ ఈ కుటుంబంలోవి. వీటి మూలభాషలో రాసినదేదీ దొరకలేదు. పిల్లభాషలను పోల్చి దాన్ని పునర్నిర్మించారు. అందులో ఏకవచనానికి మూడు విభక్తులు: కర్తకు ఉ, షష్ఠికి ఇ, కర్మకు అ. హమ్మురాబి నాటి అక్కాడియన్‌లో రాజు అనే మాట షర్రుమ్, షర్రిమ్, షర్రమ్. రెండువేల ఏళ్లకు పైగా గడిచాక సంప్రదాయ అరబ్బీలో అదే అర్థం గల వేరే మాటకు మలికు, మలికి, మలిక. ఇంత దూరాన ఇంత పోలిక కాకతాళీయం కాదు, వారసత్వమే. 1929లో తవ్వకాలు మొదలైన ఉగారిత్ నగరం మరో సాక్ష్యం ఇచ్చింది. అక్కడి లిపి సాధారణంగా అచ్చులను రాయదు. కానీ అలిఫ్ అనే హల్లుకు మాత్రం అ, ఇ, ఉ లతో కూడిన మూడు వేర్వేరు అక్షరాలున్నాయి. అందువల్ల అలిఫ్‌తో ముగిసే మాటల్లో విభక్తి అచ్చు రాతలోనే దొరికింది. గీజ్‌లో కర్మ ప్రత్యయం అ ఒక్కటే మిగిలింది. హీబ్రూలోనూ, వాడుక అరబ్బీలోనూ మాట చివరి హ్రస్వాచ్చులు రాలిపోయి, వాటితోపాటే విభక్తులూ పోయాయి.

బందరుకు, అంటే మచిలీపట్నానికి, అరబ్బీ విభక్తి పేర్లతో వచ్చింది. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. ఓడలు ఇక్కడి నుంచి మోఖాకు, బందర్ అబ్బాస్‌కు వెళ్లేవి. ఆ కాలపు సుల్తానులు అబ్దుల్లా కుతుబ్ షా (1626–1672), అబుల్ హసన్ తానీషా (1672–1687). అబ్దుల్లా అంటే అల్లా దాసుడు: అబ్ద్ మీది ఉ కర్తృ విభక్తి. అబుల్ హసన్‌లోని అబూ కూడా ప్రథమే. షష్ఠిలో అది అబీ అవుతుంది. నూరుద్దీన్‌లో నూర్ తర్వాతి ఉ ఇలాంటిదే. ఈ పేర్లు పెట్టుకున్న తెలుగు ముస్లిం కుటుంబాలు మూల సెమిటిక్ ప్రత్యయాన్ని రోజూ పలుకుతున్నాయి.

ఇంటిపేరులో షష్ఠి నిలవడానికీ, అరబ్బీ పేరులో ప్రథమ నిలవడానికీ కారణం మాటల వరుస. తెలుగులో ఎవరిదో చెప్పే మాట ముందు వస్తుంది. అందుకే మనిషి పేరుకు ముందున్న కోడూరి షష్ఠిలో ఉంది. అరబ్బీలో ఆ మాట వెనక వస్తుంది. దాని చివరి ఇ పలుకు ఆగే చోట పడి రాలిపోతుంది. ముందు మాట మీది ఉ మాత్రం రెండు మాటల నడుమ ఇరుక్కుని ఉండటం వల్ల అరిగిపోలేదు.